ఎలుకకు చెవి ఒగ్గిన భూపతి

ఆర్మూర్‌లో భూపతి ఇల్లెక్కడ అని అడిగితే, ఏ భూపతి అని ఎదురు ప్రశ్న వేస్తారు. చెవుల భూపతి అంటే మాత్రం చంటిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. అలాగని ఆయన చెవులు పెద్దవేమీ కావు, అందరికీ ఉన్నంతే ఉంటాయి. కాకపోతే అందరూ తమ చెవుల్ని ఉన్నచోట ఉంచుకుంటారు. భూపతి వాటిని కనిపించిన ప్రతిదానికీ తీసుకెళ్లి ఆనిస్తాడు. కరెంటు స్తంభం, నీళ్ల డ్రమ్ము, బోరు మోటారు, పుచ్చకాయ, ఇంకా పేరు కూడా తెలియని పెళ్లివారింటి ఫ్రిజ్జు. చెవి ఆనించి, కళ్లు మూసుకుని, నోరు కాస్త తెరిచి అర నిమిషం వింటాడు. ఆ తర్వాత తీర్పు చెబుతాడు.

ఈ విద్య ఆయనకు పసుపు దగ్గర అబ్బింది. ముప్పై రెండేళ్లు మార్కెట్ యార్డులో ఒక కమిషన్ దుకాణం తరఫున సరుకు చూశాడు. బాగా ఎండిన పసుపు కొమ్మును విరిస్తే టక్కుమని గట్టిగా చప్పుడవుతుంది, తేమ మిగిలి ఉంటే మెత్తగా నలుగుతుంది. మిగతావాళ్లు విరిచి లోపలి రంగు చూసేవారు, కొందరు కొరికి చూసేవారు. భూపతి చెవి పక్కన పెట్టుకుని విరిచేవాడు. రంగు రైతు చెప్పినట్టు వింటుంది గాని చప్పుడు ఎవరి మాటా వినదు అనేవాడు. ఆ రోజుల్లో ఆయన్ను చూసి ఎవరూ నవ్వలేదు. పసుపు దగ్గర వినడం పని, స్తంభం దగ్గర వినడం పిచ్చి.

పిచ్చి అని తేల్చేద్దామంటే అదీ కుదరదు, సగం సార్లు ఆయన చెప్పింది నిజమయ్యేది. ఒకసారి బాల్కొండ పోయే ఆటో ఇంజనుకు చెవి పెట్టి, “గిది పెర్కిట్ దాటదు” అన్నాడు. దాటలేదు. “నువ్వు గంట సేపు దాని మీద ఒరిగితె ఎట్ల దాటుతది” అని డ్రైవరు తర్వాత మొత్తుకున్నాడు గాని, ఎవరూ పట్టించుకోలేదు. మరోసారి అంకాపూర్‌లో ఒక రైతు గేదె పొట్టకు చెవి ఆనించి, రెండు దూడలున్నాయని చెప్పాడు. ఈనితే ఒకటే దూడ. రైతు నిలదీస్తే భూపతి ఏమాత్రం తొణకలేదు. “రెండో చప్పుడు దాని ఆకలిది. కడుపునిండ మేపుతలేవు” అన్నాడు. రైతు మూడు రోజులు ఆలోచించి దాణా పెంచాడు.

ఇవన్నీ డాక్టర్ కావేరికి దేవిదాస్ చెప్పిన సంగతులు. కావేరి పశువుల దవాఖానకు డాక్టరుగా వచ్చి అప్పటికి రెండు నెలలే అయింది. జనగామ వైపు అమ్మాయి. గేదెలు, గొర్రెలు, మేకలు, అప్పుడప్పుడు కుక్కలు, అన్నీ చదువుకున్నట్టే జబ్బు పడుతున్నాయని సంతోషంగా ఉంది. దేవిదాస్ ఆ దవాఖానలో ఇరవై ఏళ్లుగా అటెండరు. డాక్టర్లు మారతారు, ఆయన మారడు. ఆ రోజు పొద్దున ఆయనే గుమ్మం దగ్గర నిలబడి, రోడ్డు వైపు చూసి, చాలాసేపు తల గోక్కున్నాడు.

“మేడం, భూపతన్న వస్తుండు. ఫోన్ మాట్లాడుకుంట వస్తుండు.”

“రానివ్వు. దానికేముంది?”

“ఏం లేదు మేడం. ఫోన్‌కు తోక ఉన్నది.”

కావేరి లేచి చూసింది. పంచె, చొక్కా, మెడలో తువ్వాలు, అరవై ఆరేడేళ్ల మనిషి, చెవికి ఒక చిన్న పచ్చటి ప్రాణిని ఆనించుకుని, ఆగి, తల ఊపి, మళ్లీ నడుస్తూ వస్తున్నాడు. దారిలో ఎవరో నమస్తే పెడితే, మాట్లాడుతున్నాను ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. లోపలికి వచ్చి ఆ ప్రాణిని బల్ల మీద దించాడు. ఎలుక. పసుపుపచ్చ ఎలుక. కళ్ల చుట్టూ, ముక్కు చివర ఎర్రగా ఉంది.

ఐదేళ్ల చదువులో కావేరి పచ్చ ఎలుకను చూడలేదు. పుస్తకం తీసి ‘కామెర్లు’ అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. తర్వాత అనుమానం వచ్చి ఎలుక వీపు మీద వేలితో రుద్దింది. వేలు పచ్చబడింది.

“పెద్దయ్యా, ఇది పసుపా?”

“పసుపే డాక్టరమ్మా. మన ఆర్మూర్‌దే.”

“ఎలుకకు పసుపు ఎందుకు పూశారు?”

“మా ఇంటామె పూసింది. ఇయ్యాల శుక్కురారం గద.”

“మరి ఈ ఎరుపు? కుంకుమ కూడా పెట్టిందా?”

“అది మేం పెట్టలే” అన్నాడు భూపతి. “అదే పెట్టుకున్నది. నాలుగు దినాల సంది పెట్టుకుంటుంది.”

కావేరి తువ్వాలు తడిపి తుడిస్తే అడుగున తెల్ల ఎలుక బయటపడింది. ఎరుపు మాత్రం కాసేపటికి మళ్లీ వచ్చింది. అది నెత్తురు కాదని, ఒంట్లో బాగా లేనప్పుడు ఎలుకల కన్నీరు అలా ఎర్రగా వస్తుందని పుస్తకంలో చదివిన గుర్తు. ఎలుక తుమ్మింది. ఇంకోసారి తుమ్మింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఇది నవ్వులాట కాదని అప్పుడర్థమైంది ఆమెకు. ఇంత చిన్న ప్రాణి, ఊపిరికి ఇంత కష్టం.

ఆ ఎలుక పేరు కొమ్ము. ఇంట్లో ఇంకొకటుంది, దాని పేరు గోళ. సన్నగా పొడుగ్గా ఉన్నది కొమ్ము, గుండ్రంగా ఉన్నది గోళ. పసుపులో రెండు రకాల పేర్లే వాటికీ పెట్టుకున్నారు. డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో ఎలుకల పని అయిపోయినప్పుడు, అక్కడ పని చేసే యాకోబు, వీళ్ల పక్కింటివాడు, రెండు రోజులు చూసుకోమని ఇచ్చిపోయాడు. ఏడాదైంది. ఇప్పుడు యాకోబు వచ్చి అడిగినా భాగ్యవ్వ ఇవ్వదు. భాగ్యవ్వ అంటే భూపతి భార్య, బీడీలు చుడుతుంది. ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వదట, ఎలుకల్ని మాత్రం ఒళ్లోంచి దించదట.

“గిది పోతె ఆమె కూడ నాకు దక్కది డాక్టరమ్మా” అన్నాడు భూపతి. నవ్వుతూ అనలేదు.

కావేరి స్టెతస్కోపు పెట్టింది. దాని బిళ్ల కింద ఎలుక మొత్తం దాక్కుంది. వినిపించింది ఏమిటో అర్థం కాలేదు, గుండె కుట్టుమిషను లాగా పరుగెత్తుతోంది.

“అది పక్కన పెట్టుండ్రి” అన్నాడు భూపతి. “గిట్ల పట్టి చెవికి పెట్టుకోండ్రి. టిక్కు, టిక్కు, గర్ర్. పచ్చి కొమ్ము ఇరిగినట్టు.”

ఇక చేసేదేమీ లేక కావేరి ఎలుకను చెవికి ఆనించుకుంది. నిజమే. టిక్కు, టిక్కు, గర్ర్. అదే సమయానికి దేవిదాస్ మేకకు సూది వేయించాలని పిలవడానికి వచ్చి, గుమ్మంలో ఆగి, “మాట్లాడుండ్రి మేడం, తర్వాత వస్త” అని వెనక్కి వెళ్లిపోయాడు.

“ఇంట్లో ఏం వైద్యం చేశారు?” అని అడిగింది కావేరి.

“ఏం జెయ్యలే. పొగేసినం అంతే.”

“ఏం పొగ?”

“పసుపు కొమ్ము నిప్పుల మీద కాల్చి ముక్కుకాడ పట్టినం. పడిశానికి మనం పట్టుకోమా, గట్లనే. పూటకోసారి. తగ్గకపోయె, మూడుసార్లు పట్టినం.”

కావేరి కళ్లు మూసుకుంది. ఆ బియ్యపు గింజంత ఊపిరితిత్తులకు ఆర్మూర్ వాళ్లు రోజుకు మూడుసార్లు పొగ పెట్టారు.

“పెద్దయ్యా, ఇవాళ్టి నుంచి పొగ బంద్. పసుపు పూయడం కూడా బంద్. దాని దగ్గరికి పసుపే రావద్దు.”

దేవిదాస్ గబగబా వచ్చి తలుపు దగ్గరికేశాడు. “మెల్లగ మేడం. ఆర్మూర్‌ల ఉండి పసుపు వద్దన్నరని తెలిస్తే యార్డోళ్లు ధర్నాకొస్తరు.”

మందు రాసిచ్చింది. చుక్కల లెక్కన, అరటిపండు గుజ్జులో కలిపి, రెండు పూటలా. భూపతి చీటీ తీసుకుని చూసి, తిరిగి బల్ల మీద పెట్టాడు.

“డాక్టరమ్మా, పొగ వద్దన్న మాట కూడ రాయుండ్రి. తెలుగుల. పెద్దక్షరాలల్ల.”

రాసింది. ‘ఎలుకకు’ అని మొదలుపెట్టబోతే ఆయన వేలు అడ్డం పెట్టాడు.

“ఎలుక అని ఎందుకు? పద్ధతి రాస్తే సాలు. ఇంట్ల పొగ ఉండొద్దు. కింద ముద్ర.”

ఎలుక పేరు లేకుండా ఎలుక చీటీ ఏమిటో ఆమెకు తోచలేదు. ముద్ర వేసి ఇచ్చింది.

ఐదు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి దేవిదాస్ తోక సంగతి ఎత్తకుండా, “మేడం, మీకు ఫోన్” అన్నాడు. కొమ్ముకు తుమ్ములు తగ్గాయి, గురక ఇంకా ఉంది. కావేరి ముందు రోజంతా ఎలుకల జబ్బుల గురించి చదివి సిద్ధంగా ఉంది. పడుకునేది ఎక్కడ, కింద ఏం పరుస్తారు అని అడిగింది.

“గంపల పంటది. కింద తునికాకు ముక్కలేస్తం. బీడీకి ఆకు కత్తిరిస్తే మిగుల్తయి గద, గవి.”

“వాటికి పొగాకు దుమ్ము ఉండదా?”

“ఉంటది. తంబాకు చాట పక్కనే గద గంప.”

“గదిలో కిటికీ?”

“ఉన్నది. తెరువది. గాలికి ఆకు ఎండి పలుగుతది, తంబాకు లేస్తది. ఫ్యాను కూడ బందే.”

కావేరి కుర్చీలోంచి సగం లేచింది. మూసిన గది, పొగాకు దుమ్ము, దాని మధ్యలో ఎలుక. మందు ఎంత వేస్తే మాత్రం ఏం లాభం. “పెద్దయ్యా, ఎలుక ఉన్న గదిలో పొగాకు ఉండకూడదు. ఎలుకను వేరే చోట పెట్టండి.”

“ఎలుక మా ఇంటామె ఒళ్లె ఉంటది. ఆమె ఒళ్లెనే చాట ఉంటది. ఇడదీసుడు అయితదా.”

“అయితే చాటనే బయటికి తెమ్మనండి. బయట అరుగు మీద, గాలి తగిలేచోట కూర్చుని చుట్టమనండి. ముక్కుకు బట్ట కట్టుకొమ్మనండి. కిటికీ రోజంతా తెరిచే ఉండాలి.”

భూపతి ముఖం ఒక్కసారి విప్పారింది. జీవితంలో ఎవరూ ఇంత మంచి మాట చెప్పనట్టు చూశాడు. తన సలహా ఇంత గొప్పదని కావేరికి కూడా తెలియదు.

“గదే రాయుండ్రి. ముక్కుకు బట్ట కూడ రాయుండ్రి. సంతకం జర పెద్దగ.”

“ముక్కుకు బట్ట ఎలుకకు కాదు పెద్దయ్యా.”

“తెలుసు డాక్టరమ్మా. ఎలుకకు ముక్కెంతుంటది.”

ఆయన పోయాక కావేరి దేవిదాస్‌ను అడిగింది, ఈయన మొదటి నుంచీ ఇంతేనా అని. “ఎక్కడిది మేడం” అన్నాడు దేవిదాస్. “యార్డుల ఉన్నన్ని దినాలు పసుపే ఇనేటోడు. ఏడేండ్ల కింద ఏం గాలి సోకిందో, దొరికినదానికల్ల చెవి పెట్టుడు షురూ జేసిండు. మా ఇంటికొచ్చి మా అత్త పెట్టెకు గూడ చెవి పెట్టిండు. ఆమె సందుగ తాళం మార్చింది.”

మూడోసారి వచ్చింది పది రోజుల తర్వాత. కొమ్ము బల్ల మీద అటూ ఇటూ పరుగెత్తి కావేరి పెన్ను కొరికింది. కళ్లు శుభ్రం, ముక్కు శుభ్రం. చెవికి ఆనించుకుంటే గుండె తప్ప ఇంకేమీ వినిపించలేదు. కావేరికి రెక్కలొచ్చినట్టయింది. ఇన్ని గేదెలు బాగుచేసినా ఇంత సంతోషం కలగలేదు.

“తగ్గిపోయింది పెద్దయ్యా.”

“తగ్గలే డాక్టరమ్మా.”

“ఊపిరి బాగుంది, మీరే వినండి.”

“నేను రోజు ఇంటున్న. పగటి పూట జర నయం. తెల్లారగట్ల లేస్తది. మంచం పట్టె పట్టుకొని కూసుంటది. ఎవ్వలకు ఇనబడద్దని కొంగు నోట్లె కుక్కుకొని దగ్గుతది.”

కావేరి పెన్ను ఎలుక నోట్లోంచి లాక్కుంటూ ఆగిపోయింది. “కొంగా?”

“తోక” అన్నాడు భూపతి. “తోక నోట్లె కుక్కుకొని.”

“ఎలుక మంచం పట్టె ఎలా పట్టుకుంటుంది?”

ఆ ప్రశ్న ఆయన చెవిన పడనట్టే ఉన్నాడు. ఊళ్లో ప్రతి చప్పుడూ వినే మనిషికి అదొక్కటే వినిపించలేదు. గొంతు తగ్గించి అడిగాడు, “డాక్టరమ్మా, ఛాతీ ఫోటో తీస్తరు గద, గది తీస్తే తెలుస్తదా?”

“ఇంత చిన్నదానికి ఇక్కడ ఎక్స్‌రే తియ్యలేం.”

“పెద్దదానికైతే?”

“ఎంత పెద్దది?”

భూపతి చెయ్యి చాచి, నేలకు నాలుగున్నర ఐదడుగుల ఎత్తున చూపించబోయి, మధ్యలో దించేసుకున్నాడు. “పెద్దదే” అన్నాడు. “మొండిది గూడ. దవాఖాన అంటే ఇల్లు ఎగిరిపోయెటట్టు ఒర్లుతది. గసోంటి దాన్ని ఎట్ల తోల్కరావాలె?”

కావేరి, రేపు నేనే ఇంటికి వచ్చి చూస్తానంది. ఆ మాటకు ఆయన ముందు సంబరపడ్డాడు, వెంటనే భయపడ్డాడు, పోతూ పోతూ గుమ్మంలో ఆగి, “వచ్చి ఎలుకనే చూడుండ్రి” అని మరీ చెప్పి వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ కావేరి ఆ లక్షణాలన్నీ కాగితం మీద రాసుకుంది. కూర్చుంటుంది, పట్టుకుంటుంది, నోట్లో గుడ్డ కుక్కుకుంటుంది, దవాఖాన అంటే అరుస్తుంది, పెద్దది. ఇది ఎలుక కాదు. మరి ఏమిటి? దేవిదాస్ పప్పు కలుపుకుంటూ కాసేపు ఆలోచించి తేల్చాడు.

“కోతి మేడం. దొంగతనంగ కోతిని పెంచుతుండు. అందుకే ఎలుక పేరు మీద మందు తీస్కపోతుండు.”

అన్ని లక్షణాలూ సరిపోయాయి. కోతిని ఇంట్లో పెంచడం తప్పు కూడా. కావేరి ఆ రాత్రి సగం పుస్తకం తిరగేసి, మర్నాడు సంచిలో లావు చేతి తొడుగులు పెట్టుకుని మరీ బయల్దేరింది. దేవిదాస్ ఒక చెయ్యికి తువ్వాలు చుట్టుకుని, ఇంకో చేత్తో నాలుగు అరటిపండ్లు పట్టుకుని వెనకాల నడిచాడు.

భాగ్యవ్వ వాకిట్లో అరుగు మీద, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ముక్కుకు బట్ట, ఒళ్లో చాట, భుజం మీద కొమ్ము, పక్కన చిన్న గంపలో గోళ. ఆమె చేతులు చూడకుండానే ఆకు చుడుతున్నాయి. వెనక గోడకు కావేరి రాసిచ్చిన చీటీలు రెండూ గంజి పెట్టి అంటించి ఉన్నాయి, ముద్రలు కనిపించేట్టు.

“రా బిడ్డా, నువ్వేనా సర్కారు డాక్టర్‌వి” అంది. “నీ కాయిదాలతోని నా ఇల్లు ఆగమాయె. ముప్పై ఏండ్ల సంది లోపట కూసున్న, వాకిట్లకు ఎల్లగొట్టినవు. గా కిటికీ తెరువకుంటె ఎలుకను సర్కారు జప్తు చేస్తదంటివంట.”

కావేరి అలా ఎక్కడా అనలేదు. భూపతి వైపు చూస్తే, ఆయన వాకిట్లో నీళ్ల డ్రమ్ముకు చెవి పెట్టి తీవ్రంగా వింటున్నాడు. అక్కడి నుంచి తలుపుకు చెవి పెట్టాడు. తలుపు నుంచి లోపలికి జారుకున్నాడు.

“ఆయనకు గదే పని బిడ్డా. పట్టించుకోకు” అంది భాగ్యవ్వ.

కావేరి ఎలుకలు రెండింటినీ చూసింది, చూస్తూనే ఓరకంట కోతి కోసం వెతికింది. దేవిదాస్ అరటిపండ్లు పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి వచ్చి, లేదన్నట్టు తలూపాడు. “కోతి ఎక్కడుంది పెద్దమ్మా” అని కావేరి అడగబోయింది. అంతలో భాగ్యవ్వ చేతులు ఆగిపోయాయి. ముఖం పక్కకు తిప్పుకుంది. ముక్కు బట్ట కిందికి లాగి, కొంగు నోట్లో కుక్కుకుని, అరుగు అంచు గట్టిగా పట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు బయటికి రాలేదు, వచ్చిన కాస్తా ఎలుక తుమ్మినంతే వచ్చింది. కొమ్ము ఆమె భుజం మీంచి పడిపోకుండా జుట్టు పట్టుకుంది.

కావేరి సంచి భుజానికి తగిలించుకుంది. తర్వాత నీళ్లు తాగి వస్తానని లోపలికి వెళ్లింది.

లోపల భూపతి ఉన్నాడు. భాగ్యవ్వ వీపు ఆనించిన గోడకే ఇవతలి వైపున, సరిగ్గా ఆమె వీపు ఉన్నచోట చెవి ఆనించి, కళ్లు మూసుకుని, వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. పక్కన, ఇన్నేళ్లూ ఆమె కూర్చుని బీడీలు చుట్టిన గది గోడకు ఒకచోట సున్నం అరిగిపోయి, అరచేయంత మేర మట్టి కనిపిస్తోంది. ఇల్లంతటికీ సున్నం కొత్తగా ఉంది, అక్కడొక్కచోటే లేదు.

“పెద్దయ్యా” అంది కావేరి మెల్లగా. “ఎలుకకు ఎప్పుడో తగ్గింది.”

“తగ్గింది డాక్టరమ్మా.”

“దగ్గేది పెద్దమ్మ.”

భూపతి చెవి గోడ మీంచి తియ్యలేదు. “ఏడేండ్ల సంది. ఒక్కతీరుగ దగ్గుతది. దవాఖానకు పోదామంటె మీద వడ్తది. దగ్గు ఉన్నదని తెలిస్తె బీడీ కార్ఖానోళ్లు ఆకు ఇయ్యరంట. వాడకట్టోళ్లు క్షయ అంటరంట. నాకేం కాలేదంటది. రాత్రి లేసి ఇందామని దగ్గరికి పోతె, నా మీద చెవి పెడ్తవా అని వారం దినాలు మాట్లాడలే.”

“అందుకని గోడకు పెట్టారా?”

“ఊరికె గోడకు పెడితె తెలుస్తది గద. అందుకే అన్నిటికి పెట్టిన. స్తంభానికి పెట్టిన, ఆటోకు పెట్టిన, పుచ్చకాయకు పెట్టిన. ఊరు నవ్వింది. నవ్వనీ అనుకున్న. అన్నిటికి పెట్టేటోడు గోడకు పెడ్తె ఎవ్వలకు అనుమానమొస్తది?” కళ్లు తెరిచి ఆమెను చూశాడు. “నా మాట ఇనది. ఎలుకకు బాగ లేదంటె మాత్రం ఏదన్న చేస్తది. ఎలుక పేరు మీద ఆమె పట్టుకునే పొగ బంద్ జేయించిన, కిటికీ తెరిపించిన, చాట బయట పెట్టించిన. ఫోటో ఒక్కటి ఎట్ల తీయించాల్నో తెలుస్తలేదు.”

కావేరికి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒక ముసలి దగ్గును దొంగతనంగా వినడానికి ఈ మనిషి ఊళ్లో ఉన్న ప్రతి వస్తువునూ విన్నాడు. ఏడేళ్లు నవ్వులపాలయ్యాడు. ఆమె కోతి కోసం తెచ్చిన చేతి తొడుగులు సంచిలో లోపలికి తోసేసింది.

“నేను పశువుల డాక్టర్ని పెద్దయ్యా. మనుషులకు చూడకూడదు.”

“తెలుసు డాక్టరమ్మా. కాని మనుషుల డాక్టర్ కాడికి ఎలుకను తీస్కపోలేను గద.”

కావేరి బయటికి వచ్చి అరుగు మీద భాగ్యవ్వ పక్కన కూర్చుంది. అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. అదృష్టవశాత్తూ అబద్ధం అక్కర్లేకపోయింది.

“పెద్దమ్మా, రెండు ఎలుకలూ బాగున్నాయి. కాని వీటి ఊపిరి చాలా సున్నితం. కొన్ని దగ్గులు మనుషుల నుంచి ఎలుకలకు అంటుకుంటాయి. ఈ ఇంట్లో ఉన్న ఇద్దరూ ఛాతీ చూపించుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.”

భాగ్యవ్వ చేతులు ఆగాయి. భుజం మీది ఎలుకను తీసి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు దాని వీపు నిమిరింది.

“బిడ్డా, దీనికి నా దగ్గు అంటిందా?”

ఏడేళ్లలో ఆమె నోట ‘నా దగ్గు’ అన్న మాట రావడం అదే మొదలు. గోడ వెనక ఏదో కింద పడిన చప్పుడైంది.

“తెలియదు పెద్దమ్మా. కావచ్చు, కాకపోవచ్చు. చూస్తేనే తెలుస్తుంది.”

భాగ్యవ్వ చాట దించి పక్కన పెట్టింది. తల తిప్పకుండానే గొంతు పెంచింది. “గోడెనుక ఇన్నది సాలు గాని బయటికి రా. పొద్దుగాల దవాఖానకు పోవాలె.”

భూపతి గుమ్మంలోకి వచ్చి దొంగలా నిలబడ్డాడు. “నీకు తెలుసా?”

“ఏడేండ్ల సంది ఒక్క తావులనే సున్నం రాల్తుంటె తెలువదా? ఏటేట సున్నం ఏసేది నేనే గద. గా ఒక్కచోట ఎయ్యక ఇడిచిపెట్టిన. నీ చెవికి అంటుతదని.”

దేవిదాస్ ఏమీ అర్థం కాక, ఒక అరటిపండు ఒలుచుకుని తానే తినేశాడు.

వారం తిరిగాక ఇద్దరూ పశువుల దవాఖానకే వచ్చారు. ఎలుకలు రెండూ గంపలో. భాగ్యవ్వ నేరుగా లోపలికి వచ్చి, ఎక్స్‌రే కవరు కావేరి బల్ల మీద పెట్టింది, నువ్వు కూడా చూడు అన్నట్టు. క్షయ కాదు. ఏళ్ల తరబడి లోపలికి పోయిన దుమ్ము. పీల్చే మందు ఇచ్చారు, పొగాకు ముట్టొద్దన్నారు.

“మానేస్తున్న బిడ్డా. వీటికి మంచిది కాదంటివి గద” అని గంప వైపు చూపించింది. “ఆకు కత్తిరించుడు ఒక్కటే చేస్త. తంబాకు నింపుడు వేరేటోళ్లు చూసుకుంటరు.”

వరండాలో ఓ గేదె, రెండు మేకలు, వాటి యజమానులు వరసలో ఉన్నారు. ఈ మాటలు జరుగుతుండగా భూపతి మెల్లగా మందుల ఫ్రిజ్జు దగ్గరికి పోయి చెవి ఆనించాడు.

“అన్నా, ఇంకెందుకే” అన్నాడు దేవిదాస్. “పనైపాయె గద.”

“అలవాటైంది తమ్మీ” అన్నాడు భూపతి కళ్లు మూసుకునే.

భాగ్యవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. “ఇటు రా. నలుగుర్ల గా డబ్బకు చెవి పెట్టుకుంట నా పరువు తియ్యకు. ఇనాల్నంటె ఇటే ఇను” అని, అందరి ముందూ వెనక్కి తిరిగి వీపు చూపించింది.

భూపతి కదల్లేదు. ఏడేళ్లుగా గోడలు, స్తంభాలు విన్న మనిషికి అడుగు పడలేదు. కావేరే వెనక నుంచి మెల్లగా తోసింది. ఆయన తువ్వాలుతో చెవి తుడుచుకుని, భార్య వీపుకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. వరండాలో వాళ్లంతా మాటలు ఆపి చూశారు. అర నిమిషమైంది, నిమిషమైంది, ఆయన తీర్పు చెప్పలేదు.

“ఏమినబడ్తుందన్నా?” అన్నాడు దేవిదాస్ ఉండబట్టలేక.

“తిడ్తుంది” అన్నాడు భూపతి, చెవి తియ్యకుండానే. “లోపటి నుంచి గూడ నన్నే తిడ్తుంది.”

“మరి ఇంకెవ్వల్ని తిట్టాలె” అంది భాగ్యవ్వ, కదలకుండా నిలబడి.